ఎవరూ కోయని పువ్వు

పొద్దున్న ఐదుంపావు అయ్యేసరికి విశాఖపట్నంలో మా చిన వాల్తేరు సందుల్లోకి దొంగలు దిగుతారు. వాళ్ళ వేషం నాకు కంఠతా వచ్చు. వాకింగ్ బూట్లు, చలికాలమైతే మంకీ క్యాప్, చేతికి వేలాడే పాలిథీన్ కవరు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళ దగ్గర చివర కొక్కెం కట్టిన కర్ర కూడా ఉంటుంది. ప్రహరీ మీంచి చెయ్యి చాపి, కొమ్మ వంచి, మందారాలు, నందివర్ధనాలు, గన్నేర్లు దొరికినవి దొరికినట్టు కవర్లో వేసుకుని, ఏమీ ఎరగనట్టు బీచ్ రోడ్డు వైపు నడిచిపోతారు. ఆ ఇంటావిడ ఆరింటికి వాకిట్లో నీళ్ళు చల్లడానికి వచ్చేసరికి చెట్టు బోడిగుండు. ఒకసారి ఒకాయన్ని నిలబెట్టి అడిగాను. పట్టుబడ్డానన్న కంగారు ఇసుమంతైనా లేదు. "దేవుడికే కదండీ!" అన్నాడు, నేనేదో దేవుడికి అడ్డం పడ్డట్టు.

దొంగపూలతో పూజ చేస్తే పుణ్యం చెట్టు గలవాళ్ళకే పోతుందని మా అమ్మ అంటుంది. ఆ లెక్కన మా వీధిలో కొందరు ఇంట్లో అగరొత్తి వెలిగించకుండానే స్వర్గానికి పోతారు.

ఈ దొంగలెవరూ ముట్టని చెట్టు ఒకటుండేది. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ మీద పదిహేనేళ్ళుగా పాకి, ఉగాది నాటికి గోడంతా కప్పేసేది. కాగితం పూల చెట్టు. రాణీ రంగు. ఐదుంపావు దళం దాని పక్కనుంచే రోజూ పోయేది. ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. వెయ్యి పూలున్న చెట్టు ఒక్క పువ్వు పోగొట్టుకోకుండా తెల్లారేది. మొన్న మాఘమాసంలో, పూత మీద ఉండగా, మా అసోసియేషన్ వాళ్ళు దాన్ని మొదలంటా కొట్టించేశారు. ఈ వ్యాసం ఆ కోపంతో మొదలుపెట్టాను. రాసేకొద్దీ కోపం కొంచెం దారి తప్పింది, చెప్తాను.

మీటింగులో చెట్టు మీద పెట్టిన నేరాలు ఇవి. ఒకటి, చెత్త రాలుస్తుంది. నిజమే. రెండు, ముళ్ళు. ఒకరి కారు మీద గీత పడింది. అదీ నిజమే. కాకపోతే ఆ కారు గోడకి అంత దగ్గరగా ఎందుకు పెట్టారని అడిగితే పార్కింగ్ గొడవ మొదలై అరగంట అందులోనే పోయింది. మూడు, ఇది విదేశీ మొక్క. నాలుగోది మాత్రం ఒక పెద్దాయన నింపాదిగా అన్నాడు: "వాసన లేదు, పూజకి రాదు, తల్లో పెట్టుకోరు. ఇంకెందుకండీ అది?"

అందరూ తలూపారు. నేను కూడా ఊపినట్టున్నాను, ఎందుకంటే ఆ క్షణంలో జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఉండగా తట్టింది. ఎవరికైనా అంతే, మాట ఎప్పుడూ మెట్ల మీద గుర్తొస్తుంది.

ముందు ఆ మూడో నేరం సంగతి. విదేశీ మొక్క. సరే, మన పూజ గది తలుపు తీసి చూద్దాం. దసరాకి గుమ్మాలకి కట్టే బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది. రోజూ పూజకి చిటుక్కున తెంపే బిళ్ళగన్నేరు సొంతూరు మడగాస్కర్. గుళ్ళ దగ్గర నాటే దేవగన్నేరు అమెరికా ఖండపుది. పేరులోనే దేవుడున్నా పుట్టింది సముద్రాల అవతల. వీటినెవరూ పాస్‌పోర్టు అడగలేదు. కాబట్టి పుట్టుక అసలు కారణం కాదు. అది చెట్టు కొట్టాలని ముందే మనసులో అనుకున్నాక వెతుక్కునే కారణం.

వాసన? పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. సింహాచలం సంపెంగలు పుట్టిన జిల్లాలో ఉండి వాసనకి విలువ లేదని నేననను. బస్సులో ముందు సీటావిడ జడలో ఒక్క సంపెంగ ఉంటే మద్దిలపాలెం నుంచి కాంప్లెక్సు దాకా టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటైనట్టే. కానీ మందారానికి వాసన ఏదీ? అమ్మవారికి అదే ప్రీతి అంటారు. నందివర్ధనం వాసన కోసం ఎవరైనా దగ్గరికి పోతారా? బంతికి ఉన్నది వాసన కంటే ఘాటు. అంటే వాసన కూడా మనం అందరికీ పెట్టే పరీక్ష కాదు, నచ్చనివాళ్ళకి మాత్రం పెట్టే పరీక్ష.

ఇదే మా అమ్మతో అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. తలెత్తకుండానే తేల్చేసింది.

"ఏట్రా, దానికింత ఆలోచనేటి? కోద్దామంటే చెయ్యి గీరుకుంటాది. కోసినా కట్టడానికి కాడ లేదు. దండ కట్టలేని పువ్వుని ఎవడు కోత్తాడు?"

నేను రెండు రోజులు ఆలోచించి కట్టిన వాదం మొత్తం కాడ దగ్గర తెగిపోయింది. పూర్ణా మార్కెట్లోనో ఆనందపురం పూల మార్కెట్లోనో కాసేపు నిలబడితే ఆవిడ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మనకి పువ్వంటే చేతిలోకి రావాల్సిన వస్తువు. మూరలెక్కన కొలుస్తాం, కిలోలెక్కన తూస్తాం, దారంతో కడతాం, సూదితో గుచ్చుతాం. చెట్టు మీదున్నంతసేపు అది ఇంకా పువ్వు కాదు, ముడిసరుకు. మన దగ్గర పువ్వు అందం చూసేది బుట్టలోనూ, జడలోనూ, పటానికీ. కొమ్మ మీద ఉన్నదాన్ని కొమ్మ మీదే చూసి ఊరుకునే అలవాటు మనకి తక్కువ.

ఇక్కడే నా కోపం దారి తప్పిందని చెప్పాను. వాళ్ళు కాగితం పువ్వుని అవమానించారనుకుని మొదలుపెట్టాను. కానీ చూస్తే ఆ చిన్నచూపే దాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది. మా వీధిలో కొమ్మ మీద పూసి, కొమ్మ మీదే వయసుడిగి, తనంతట తాను రాలిన పువ్వు అదొక్కటే. మిగతావన్నీ ఐదుంపావుకే ఉద్యోగంలో చేరిపోతాయి.

అసలు దాన్ని దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమంది? కొట్టేసిన రోజు సాయంత్రం కుప్పలోంచి ఒక గుత్తి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాను. మనం పువ్వనుకునే ఆ రాణీ రంగు రేకలు మూడూ పూరేకులు కావు, ఆకులు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే మామూలు ఆకులో ఉన్నట్టే నడిమి ఈనె, దాన్నుంచి చీలిన వల ఈనెలు కనిపిస్తాయి. ఒక్కో రేక నడిమి ఈనెకి అతుక్కుని లోపలి వైపు సన్నటి గొట్టం ఒకటుంటుంది, అగ్గిపుల్ల అంత లావు కూడా ఉండదు. దాని చివర గోరు మీద పట్టేంత తెల్లటి నక్షత్రం విచ్చుకుంటుంది. అదీ పువ్వు. మూడు ఆకులకి మూడు పూలు. మూడూ ఒకేసారి విచ్చుకున్న గుత్తి ఆ కుప్పలో వెతికినా తేలిగ్గా దొరకలేదు. ఒకటి విచ్చితే ఒకటి మొగ్గగా ఉంటుంది, ఇంకొకటి అప్పటికే వడిలిపోయి ఉంటుంది. పదిహేనేళ్ళు ఆ గోడ పక్కనే బండి పెట్టుకున్న నాకు ఆ నక్షత్రం సంగతి చెట్టు పోయాక తెలిసింది.

రంగు సంగతి ఇంకా తమాషా. అమ్మ తిట్లు లెక్కచేయకుండా వంటింట్లో రెండు గ్లాసుల వేడినీళ్ళు పెట్టాను. ఒకదాంట్లో ఎర్ర మందారం రేకులు, ఇంకోదాంట్లో ఈ రాణీ రేకులు వేసి, రంగు దిగాక రెండిట్లోనూ నిమ్మకాయ పిండాను. మందారం నీళ్ళు నిమ్మరసం తగలగానే భగ్గుమని ఎర్రబడ్డాయి. కాగితం పూల నీళ్ళు మాత్రం చలించలేదు, బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా అలాగే ఉన్నాయి. ఉండడమేమిటి, అది బీట్‌రూట్ రంగే. మందారానికి, గులాబీకి, నల్లద్రాక్షకి రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. బీట్‌రూట్‌కి, ఎర్ర తోటకూరకి, నాగజెముడు పండుకి, కోడిజుట్టు పువ్వుకి, ఈ కాగితం పువ్వుకి రంగునిచ్చేవి బీటలెయిన్లు. ఒకటున్న మొక్కలో రెండోది ఉండదు, సవతుల్లా. కుటుంబం చూస్తే మన పెరట్లోని చంద్రకాంత దీనికి దగ్గర చుట్టం. వైద్యంలో పునర్నవ అని వాడే అటికమామిడి కూడా వీళ్ళ వంశమే. విదేశీ అని మీటింగులో గెంటేసినదాని చుట్టాలు మన గోడ వారనే ఉన్నారన్నమాట.

ఇక పేరు. ఇంగ్లీషులో బోగన్‌విలియా. నేను పోర్టు ఏరియాలో క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ సరుకు రసీదులో, పార్టీ పేరు ఒక్క అక్షరం తప్పు పడితే కంటైనర్ కదలదు. రోజూ దానికి కట్టే చార్జీలు తలుచుకుంటే నిద్ర పట్టదు. అందుకే ఈ పువ్వు పేరు కథ నాకు ఉద్యోగరీత్యా ఇష్టం. 1789లో పారిస్ వృక్షశాస్త్రవేత్త జుస్యూ దీన్ని మొదటిసారి పుస్తకంలోకి ఎక్కించినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో 'బి' తర్వాత ఉండాల్సిన 'ఓ'ని మింగేశాడు, చివర్లో ఇంకో అక్షరం అదనంగా తగిలించాడు. ఆ తప్పు సర్దుకుని ఇప్పుడు రాసే రూపం ఖాయమయ్యేసరికి 1930లు వచ్చాయి. దాదాపు 140 ఏళ్ళు కంటైనర్ యార్డులోనే ఉంది! మనవాళ్ళు బోగన్‌విలియా, బోగన్‌విల్లా, భోగంవిల్లా అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే నేను నవ్వను.

ఆ పేరు గలాయన లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్. ఫ్రెంచివాడు. 1757 జూన్‌లో మన విశాఖపట్నం కోటని ఇంగ్లీషు కంపెనీ చేతుల్లోంచి ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం లాక్కున్న సంగతి తెలిసిందే. అదే సంవత్సరం, అదే యుద్ధంలో, భూగోళానికి అవతలి పక్క కెనడా అడవుల్లో ఫ్రెంచి సేనాని మోంకామ్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు బూగన్‌విల్. మన దగ్గర గెలిచినవాళ్ళకి అది ఎన్నాళ్ళో నిలవలేదు, వాళ్ళకి కెనడా కూడా దక్కలేదు. ఆ ఓటమి తర్వాత ఫాక్‌లాండ్ దీవుల్లో ఫ్రెంచి వలస ఒకటి పెట్టాడు. దాన్నీ స్పెయిన్‌కి అప్పగించాల్సి వచ్చింది. ఆ అప్పగింత పని పూర్తిచేసుకుని అటునుంచటే ప్రపంచం చుట్టి రమ్మన్నారు. 1766 చివర్లో బూదూజ్ అనే ఓడలో బయల్దేరాడు. బూదూజ్ అంటే అలిగిన పిల్ల. వెనక సరుకుల ఓడ ఎత్వాల్, అంటే నక్షత్రం, 1767 ఫిబ్రవరిలో కదిలింది. ఆ నక్షత్రంలో ఉన్నవాడు ఫిలిబెర్ కొమ్మెర్సన్, రాజుగారు పంపిన వృక్షశాస్త్రవేత్త. ఆయన వెంట సామాను మోసే నౌకరు కుర్రాడు ఒకడు.

1767 జూన్‌లో రెండు ఓడలూ బ్రెజిల్‌లోని రియోలో కలిశాయి. ఆ రేవు చుట్టుపక్కల కొండల్లో ఈ తీగ దొరికింది. కొమ్మెర్సన్ దానికి కెప్టెన్ పేరు పెట్టాడు. అందులో తప్పు పట్టను. నెలల తరబడి ఒకే ఓడల్లో తిరగాల్సిన అధికారి పేరు కాక ఇంకెవరి పేరు పెడతాడు? మా ఆఫీసులోనూ క్యాలెండర్ మీద మొదటి ఫొటో మేనేజర్‌దే.

ఆ నౌకరు కుర్రాడు కుర్రాడు కాదు. జీన్ బారే అనే ఆడమనిషి. బర్గండీ పల్లెటూళ్ళో 1740లో పుట్టింది. కొమ్మెర్సన్ ఇంట్లో పనికి కుదిరి, మొక్కల పని నేర్చుకుంది. ఫ్రెంచి రాచ ఓడల్లోకి ఆడవాళ్ళు ఎక్కకూడదని చట్టం ఉండేది కాబట్టి మగవేషం కట్టి ఓడెక్కింది. కొమ్మెర్సన్‌కి కాలిపుండు. నడవలేని రోజుల్లో కొండలెక్కి మొక్కలు కోసింది, పుస్తకాల మధ్య అదిమి ఆరబెట్టింది ఆవిడే. మెజిలాన్ జలసంధి మంచుకొండల్లో తిండి సామాను, తుపాకులు, మొక్కల అట్టలు మోస్తూ ఎంత ధైర్యంగా నడిచిందో కెప్టెనే తన యాత్రాగ్రంథంలో రాశాడు. రియోలో ఈ తీగని కోసిన చేతులు ఆవిడవే అయ్యుంటాయని కొందరు చరిత్రకారుల అంచనా.

1768లో పసిఫిక్‌లోని తహితి దీవి చేరాక గుట్టు రట్టైంది. ఆ ఏడాది చివర్లో మారిషస్‌లో కొమ్మెర్సన్, బారే ఇద్దరూ దిగిపోయారు. 19వ శతాబ్దంలో మనవాళ్ళు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయిన దీవి అదే. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కొరింగీలు అనేవారట. 1773లో కొమ్మెర్సన్ అక్కడే చనిపోయాడు. బారే సారాకొట్టు నడిపింది, ఒక సిపాయిని పెళ్ళాడింది, ఎప్పటికో ఫ్రాన్సుకి తిరిగి చేరింది. అలా భూమి చుట్టూ తిరిగొచ్చిన మొదటి ఆడమనిషి అయింది. 1785లో నౌకాశాఖ వాళ్ళు ఏడాదికి 200 లీవ్రుల పింఛను ఇచ్చారు. ఆ పింఛను కాగితం మీద సంతకం పెట్టిన గుమాస్తా ఎవరోగానీ, మంచివాడు.

పేరు మాటకొస్తే, మడగాస్కర్‌లో దొరికిన ఒక మొక్కకి కొమ్మెర్సన్ ఆవిడ పేరు పెట్టాడు. కానీ అది అప్పటికే ఇంకో పేరుతో నమోదైపోయిందని తేలి, బారే పేరు ఎగిరిపోయింది. కొమ్మెర్సన్ పేరు మాత్రం డెబ్భైకి పైగా జీవులకి ఉంది. కెప్టెన్‌ని నెపోలియన్ సెనేటర్ని చేశాడు, 1811లో చనిపోతే పారిస్‌లో మహనీయుల సమాధుల మధ్య పెట్టారు. బారే పేరుతో ఒక మొక్క శాస్త్రపుస్తకాల్లోకి ఎక్కేసరికి 2012 వచ్చింది. అది వంకాయ కుటుంబపు మొక్క, దక్షిణ అమెరికాది.

ఇది చదివాక బోగన్‌విలియా అనే మాట నోటికి అంత తేలిగ్గా రాలేదు. తర్వాత వచ్చిన పేర్లు చూసినా అంతే. 1910లో కొలంబియాలోని కార్టహేనాలో ఒక తోటలో కొత్త ఎరుపు కనిపిస్తే ట్రినిడాడ్‌కి తీసుకొచ్చిన దొరసాని పేరు మీద అది 'మిసెస్ బట్' అయింది. ఇప్పుడు మనం చూసే ఎరుపు, నారింజ రకాలెన్నో ఆ వంశానివే. 1949లో కలకత్తా అలీపూర్‌లోని అగ్రి హార్టికల్చరల్ సొసైటీ తోటలో ఒకే చెట్టు మీద తెలుపు, రాణీ రంగు రెండూ పూసిన వింత బయటపడింది. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళయింది, అయినా దానికీ 'మేరీ పామర్' అనే పేరు పెట్టారు. కెప్టెన్లు, దొరసానులు. వీటిలో మొక్కని చూసి పెట్టిన పేరు ఒక్కటీ లేదు.

మనవాళ్ళు పెట్టింది చూడండి: కాగితం పువ్వు. ముట్టుకుని చూసి పెట్టిన పేరు. ఎండినా రంగు వదలదు, నలిపితే గరగరమంటుంది, పుస్తకంలో పెడితే ఏళ్ళు ఉంటుంది. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకంలో ఉండేది ఒకటి, నెమలీక పక్కన. నెమలీక పిల్లని పెట్టలేదు కానీ కాగితం పువ్వు రంగు మాత్రం పోలేదు. ఇంతకంటే కచ్చితమైన పేరు ఏ లాటిన్ పండితుడు పెడతాడు? నిజమే, ఆ పేరులో ఒక చురక కూడా ఉంది. అసలు కాదు, నకిలీ అనే చురక. మనిషిని కాగితం పువ్వు అంటే తిట్టు. అయినా నాకు చురక ఫరవాలేదు, ఎవరిదో ఇంటిపేరు మోయడం కంటే.

మనదేశంలోకి ఇది 19వ శతాబ్దంలో యూరప్ నర్సరీల మీదుగా వచ్చింది. కలకత్తా తోటలు, దొరల బంగళాలు, రైల్వే క్వార్టర్లు, కలెక్టరాఫీసులు ఎక్కింది. తర్వాత మనవాళ్ళు దీన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే, ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం పుట్టినా దాని పేరు నమోదు చేసే బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకి అప్పగించారు. ఆ సంస్థలో పనిచేసిన బి.పి. పాల్ గోధుమలో తుప్పు తెగులు తట్టుకునే రకాలు తీసిన మహానుభావుడు, భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్. పగలు దేశానికి తిండి సంగతి చూసి, తీరిక దొరికితే గులాబీలు, బోగన్‌విలియాలు పెంచాడు. కడుపు నిండని రోజుల్లో కూడా అందం పని పక్కన పెట్టని మనిషి అంటే నాకు గౌరవం. మా అసోసియేషన్‌లో అలాంటివారు ఒక్కరున్నా బావుండేది.

అసలు ఈ చెట్టు గొప్పతనం ఊరి గాలితో చూడాలి. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లు రెండేళ్ళకే పొట్టు లేస్తుంది, స్కూటర్ సైలెన్సర్ తుప్పుపడుతుంది, గులాబీ మొక్క ఆకులు అంచులు మాడ్చుకుని ఏడుస్తుంది. ఇది మాత్రం ఉప్పుకి చలించదు. ఇంకా చెప్పాలంటే సుఖపెడితేనే పూయదు. నీళ్ళు, ఎరువు దండిగా పోస్తే ఏపుగా ఆకు వేసుకుని కూర్చుంటుంది. నీళ్ళు ఎండగడితే, ఆకు కాస్త వాడిస్తే, కొత్త కొమ్మ నిండా పూస్తుంది. మునిసిపల్ కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో ఇంతకంటే తగిన మొక్క ఏముంది?

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఊళ్ళో ఉన్న ఎవరికైనా తేదీ, వారం రెండూ గుర్తుంటాయి. హుద్‌హుద్ తుఫాను. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలి పొద్దుటినుంచి కిటికీల్ని పట్టి ఊపింది. మర్నాడు బయటికొస్తే వీధి కనిపించలేదు, పడిపోయిన చెట్లే. యూనివర్సిటీ రోడ్లలో నిద్రగన్నేర్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. కైలాసగిరి తగలబెట్టినట్టు గోధుమరంగులోకి మారింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు కోసం కిలోమీటరు క్యూ. మా వెనక గోడ సగం కూలింది. దాని మీది కాగితం పూల చెట్టుకి ఒక్క ఆకు మిగల్లేదు, ముళ్ళ కంపలా రోడ్డు మీద పడుకుంది. వాచ్‌మన్ దాన్ని తాడేసి మళ్ళీ నిలబెట్టాడు, గోడ కట్టేదాకా ఆవులు రాకుండా కంచెకి పనికొస్తుందని. ఆ చలికాలం దాటేసరికి ఆ కంప నిండా పూత. చుట్టూ మొండి చెట్లు, పైన నీలం టార్పాలిన్లు, మధ్యలో ఆ రాణీ రంగు. అప్పుడు ఎవరూ వాసన గురించి అడగలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. పర్యావరణం చదువుకున్న మా మేనకోడలు ఈ చెట్టుని తిట్టింది, ఆ తిట్టు మా అసోసియేషన్ తిట్టులాంటిది కాదు. "మావయ్యా, హైవే డివైడర్ పొడుగునా ఇదొక్కటే పెడితే అది తోట కాదు, పెయింటు," అంది. దీని సొంతగడ్డ మీద ఆ సన్నని గొట్టంలోని తేనె కోసం వచ్చే పిట్టలు వేరు. ఇక్కడ సీతాకోకచిలకలు అప్పుడప్పుడు వాలినా, మన తీరంలో మొగలి పొద, పొన్నచెట్టు చేసే పని ఇది చేయలేదు. మా దగ్గర ఇది గింజ కట్టగా కూడా నేను చూడలేదు. ఊరంతా పెంచేది కొమ్మలు గుచ్చే. అంటే మా గోడ మీది చెట్టు ఇంకెవరి గోడ మీంచో తెచ్చిన కొమ్మ, అది ఇంకో కొమ్మ, అలా వెనక్కి పోతే ఒకే చెట్టు ఊళ్ళకి ఊళ్ళు పాకినట్టు. మేనకోడలితో నాకు పేచీ లేదు. బీచ్ రోడ్డంతా మొగలి వేస్తానంటే మొదటి పార నేనే పడతాను. కానీ మా వెనక గోడ మీదది తీసేసి అక్కడ వేసింది మొగలి కాదు, పొన్న కాదు. మెరిసే టైల్స్. వాటికి వాసన ఉందా, పూజకి వస్తాయా అని ఏ పెద్దాయనా అడగలేదు.

కొట్టించిన రోజు కొమ్మలన్నీ గేటు పక్కన కుప్ప పోశారు. వారం ముందు దాకా అపార్ట్‌మెంట్ అడ్రసు చెప్పేటప్పుడు "ఆ పూల గోడ ఉంటది చూడండి" అనేవాళ్ళం. ఆ రోజు అదే చోట టీ కొట్టతను పొయ్యిలోకి ఎండు కొమ్మలు ఏరుకున్నాడు. పువ్వులమ్మిన చోట కట్టెలమ్మడం అంటే ఇదే కాబోలు, అమ్మడం కూడా కాదు, ఉచితం.

అందులోంచి పెన్సిలు లావున్నవి ఆరు కొమ్మలు ఏరి, జానెడు జానెడు కోసి, ఇసక కలిపిన మట్టిలో గుచ్చాను. అమ్మ ఆ కుండీల వైపు చూసి ముక్కు విరిచింది. బట్టలారేసే చోటు పోయిందని ఆవిడ బాధ. నాలుగు ఎండిపోయాయి. రెండు పట్టుకున్నాయి, కణుపు దగ్గర ఆవగింజంత ఆకుపచ్చ. గట్టిగా నీళ్ళు పోయకుండా చేతులు కట్టుకుని కూర్చోడమే ఇందులో అసలు కష్టం.

మొన్న ఆదివారం వాచ్‌మన్ భార్య పైకొచ్చింది. వాళ్ళది పద్మనాభం అవతల పల్లె. అక్కడ ఇల్లు కట్టుకుంటున్నారు, ముందు కంచెకి ఒక మొక్క కావాలంది. ఒక కుండీ తీసి చేతికిచ్చాను. ఇన్ని రోజులు చదివింది కడుపులో ఉంది కదా, దీన్ని బోగన్‌విలియా అంటారమ్మా, కానీ ఆ పేరు వెనక పెద్ద కథ ఉంది, మనం అయితే కాగితం పూల చెట్టు అంటాం, అని మొదలుపెట్టాను.

"అది తెలుసు బాబూ," అంది కుండీ చంకన పెట్టుకుంటూ. "రంగేటో చెప్పండి. రాణీదేనా? ఆరంజి అయితే మాకొద్దు, మా తోటికోడలింట ఉంది."